ఒకటో తేదీ నుంచి మీరూ లోపలికి రండి

ఖమ్మంలోని మన స్పీచ్ థెరపీ (మాటలు నేర్పే) క్లినిక్‌కి పిల్లల్ని తీసుకొస్తున్న అమ్మలకు, నాన్నలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

జూన్ 1 నుంచి క్లినిక్‌లో కొన్ని మార్పులు చేస్తున్నాను. పిల్లవాడిని లోపలికి పంపి మీరు బయట బెంచీ మీద కూర్చునే పద్ధతి ఇక ఉండదు. ఇంట్లోవాళ్ళు ఒకరు సెషన్ అయ్యేదాకా మాతోపాటు చాప మీద కూర్చోవాలి. సెషన్ 30 నిమిషాల బదులు 50 నిమిషాలు ఉంటుంది. ఫీజు 400 నుంచి 600 అవుతుంది. రెండో గది ఖాళీ చేసి ఓనరుకు అప్పజెబుతున్నాను. ఫీజు పెంచేటప్పుడు ఎందుకో చెప్పడం నా బాధ్యత. పైగా ఈ మార్పు వెనక నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ముందు అదే చెబుతాను.

సంక్రాంతి తర్వాత మా జూనియర్ థెరపిస్టు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆమె చూస్తున్న 11 మంది పిల్లలకు నా దగ్గర టైము లేదు. కొత్తవాళ్ళు దొరికేదాకా కదా అనుకుని, ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి నెలాఖరు దాకా రిసెప్షన్ చూసే అమ్మాయిని రెండో గదిలో కూర్చోబెట్టాను. ఏ కార్డులు చూపించాలో, ఏ బొమ్మలతో ఆడించాలో రోజూ రాసిచ్చేదాన్ని. పిల్లలంటే ఆ అమ్మాయికి ప్రాణం. కానీ ఆమె స్పీచ్ థెరపీ చదవలేదు. ఆ సంగతి మీకు చెప్పలేదు, ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నాను.

ఈ పని చేయాలంటే నాలుగేళ్ళ డిగ్రీ ఉండాలి. అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. 1992 నాటి చట్టం ప్రకారం ఈ పని చేసేవాళ్ళను నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. నా సర్టిఫికెట్ గోడకు తగిలించే ఉంది. అది చూసి నమ్మి వచ్చిన మీ పిల్లల్ని పక్క గదిలో చదువు లేని చేతుల్లో పెట్టాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, నేను చెప్పిన పనే చేసింది. రిజిస్టరు తీసి లెక్క చూస్తే 146 సెషన్లు, 58,400 రూపాయలు తేలింది. ఆ 11 కుటుంబాలతో ఇప్పటికే ఫోన్‌లో మాట్లాడాను. డబ్బు కావాలన్నవాళ్ళకు దసరాలోపు తిరిగి ఇచ్చేస్తాను. సెషన్లు కావాలన్నవాళ్ళకు నేనే ఉచితంగా చేస్తాను. నన్ను క్షమించండి.

నా తప్పు నాకు తెలిసొచ్చింది ఒక తల్లి అన్న మాటతో. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. వాళ్ళ బాబుకు మూడున్నరేళ్ళు. రెండో గదిలో ఆరు వారాల్లో నలభై కార్డులకు పేర్లు చెప్పడం నేర్చుకున్నాడు. ఆవు, బంతి, రైలు, నీళ్ళు. నేను చాలా సంతోషించాను. ఆమె మాత్రం తలుపు దగ్గర ఆగి, "మేడమ్, కార్డు చూపిస్తే నీళ్ళు అంటున్నాడు. దాహమేస్తే మాత్రం ఫ్రిజ్ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బాబుకు నీళ్ళు అనే మాట వచ్చు. ఆ మాటతో నీళ్ళు దొరుకుతాయని తెలియదు. బొమ్మకు పేరు చెప్పడం వేరు, కావలసింది అడగడం వేరు. మేము మొదటిది నేర్పి, రెండోది దానంతటదే వస్తుందని వదిలేశాం.

వాళ్ళమ్మను అడిగాను, ఇంట్లో నీళ్ళు ఎప్పుడు ఇస్తారని. వాడు ఫ్రిజ్ వైపు చూస్తే చాలు నాయనమ్మ గ్లాసు తెచ్చి నోటికి అందిస్తుందట. మన ఇళ్ళల్లో ప్రేమ అలాగే ఉంటుంది. పిల్లవాడు నోరు తెరిచి అడిగేదాకా ఆగడం మనకు చేతకాదు, ఆగితే కఠినంగా ఉన్నామని అనిపిస్తుంది. నాయనమ్మను తీసుకురమ్మన్నాను. చాప మీద ముగ్గురం కూర్చున్నాం. స్టీలు గ్లాసులో ఒక్క గుక్క నీళ్ళే పోశాను. తాగేశాడు. చెంబు నా చేతిలోనే పట్టుకుని వాడి ముఖంలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టాను. ఏడు దగ్గర నాయనమ్మ చెయ్యి చెంబు వైపు కదిలింది, ఆపాను. తొమ్మిది దగ్గర వాడు "నీ" అన్నాడు. వెంటనే "నీళ్ళు! నీళ్ళు కావాలి" అంటూ మరో గుక్క పోశాను. ఆ రోజు పదకొండు సార్లు అడిగాడు. చివరి నాలుగు సార్లు పోసింది నాయనమ్మే. మూడు వారాలు తిరిగేసరికి ఇంట్లో "నీళ్ళు", "ఇంకా", "వద్దు" ఈ మూడూ వాడుతున్నాడు.

నేను వారంలో రెండు అరగంటలు వాడితో ఉంటాను. నాయనమ్మ పొద్దున లేచింది మొదలు ఉంటుంది. నేర్పవలసింది ఆమెకు. ఇన్నాళ్ళూ ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను.

బెంచీ గురించి ఇంకో మాట. సత్తుపల్లి నుంచి, ఇల్లందు నుంచి పిల్లల్ని ఎత్తుకుని వచ్చే తల్లులు ఆ బెంచీ మీద గోడకు తలానించి నిద్రపోవడం చూస్తుంటాను. రోజు మొత్తంలో మీకు దొరికే విశ్రాంతి ఆ అరగంటేనని తెలుసు. దాన్ని తీసేసుకుంటున్నందుకు బాధగా ఉంది. అందుకే ప్రతిసారీ అమ్మే రావాలని అనను. నాన్న, పిన్ని, తాతయ్య, పదో తరగతి చదివే అక్క, ఎవరైనా సరే. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక దూరం నుంచి వచ్చే తల్లులు పెరిగారు, అది చాలా మంచిదైంది. కానీ మా దగ్గరికి వచ్చే నాన్నలు బాగా తగ్గిపోయారు. అన్నా, నెలలో ఒక్కసారైనా మీరు రండి. కూలి పోతుందంటే ఆదివారం సాయంత్రం పావుగంట వీడియో కాల్ చేయండి, అన్నం తినేటప్పుడు బాబుతో ఎలా మాట్లాడుతున్నారో చూసి చెబుతాను. దానికి ఫీజు లేదు.

ఇక లెక్క. రెండు గదులూ నడిచినప్పుడు కలిపి రోజుకు 18 సెషన్లు జరిగేవి. ఇకనుంచి ఒక గది, 8 సెషన్లు. వారానికి రెండుసార్లు వచ్చేవాళ్ళలో చాలామందికి ఒకసారి సరిపోతుంది, మిగతా ఆరు రోజుల పని ఇంట్లో మీరు చేస్తారు కాబట్టి. అలా వచ్చేవాళ్ళకు వారం ఖర్చు 800 నుంచి 600కి తగ్గుతుంది, ఒక రోజు ప్రయాణం మిగులుతుంది. వారానికి 48 సెషన్లే ఉంటాయి, రిజిస్టరులో 61 మంది పిల్లలున్నారు. మాటలు బాగా వచ్చేసిన కొందరిని పదిహేను రోజులకోసారి రమ్మంటాను. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) అయిన పిల్లలకు, మూడేళ్ళలోపు వాళ్ళకు మాత్రం తగ్గించను. బడులు తెరిచేలోపు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి టైము చెబుతాను.

హియరింగ్ ఎయిడ్, ఇంప్లాంట్ ఉన్న పిల్లల సెషన్లు పొద్దున్నే ఉంటాయి. కూర్చోగానే నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అనే ఆరు శబ్దాలు చేస్తాను. పిల్లలు విన్నామని చెయ్యెత్తాలి. అది ఇకమీదట ఇంట్లో రోజూ పొద్దున మీరే చేయాలి. "స్" వినలేదంటే బ్యాటరీనో, ఇయర్ మోల్డ్‌లో (చెవిలో అమర్చే అచ్చులో) చెమటో చూసుకోవచ్చు. మన ఖమ్మం ఎండల్లో చెమట మిషన్‌లోకి దిగడం మామూలే. రాత్రి పూట సిలికా జెల్ డబ్బాలో పెట్టండి. మిషన్ పనిచేయని రోజు ఆ పిల్లకు వినపడని రోజు. అది గమనించకుండా వారం గడిచిపోయిన కేసులు చూశాను.

మాటలు ఆలస్యమైన పిల్లల ఇళ్ళల్లో తరచుగా వినేవి కొన్నింటికి ఇక్కడే జవాబు చెబుతాను. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు రావు, దయచేసి పసిపిల్లలకు పెట్టకండి. "మగపిల్లాడు కదా, మేనమామకూ నాలుగేళ్ళకే వచ్చాయి" అని ఆగకండి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోతే ముందు చెవి పరీక్ష చేయించండి. నాలుక కింద తీగ కోయిస్తే మాటలు వస్తాయని వచ్చేవాళ్ళు వారానికి ఒక్కరైనా ఉంటారు. చాలామందికి ఆ తీగతో ఇబ్బందే ఉండదు. ఫోన్ విషయం అందరికీ తెలిసిందే. రెండేళ్ళలోపు పిల్లలకు అసలు వద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది.

భాష గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి, రెండు భాషలైతే బాబుకు అయోమయంగా ఉంటుందని బళ్ళో చెప్పారంటూ ఈ ఏడాది ఐదారుగురు తల్లిదండ్రులు వచ్చారు. ఒకమ్మ తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో బిడ్డతో రోజంతా "కమ్, సిట్, ఈట్" అని మాత్రమే అంటోంది. ఆ బిడ్డకు అమ్మ దగ్గర కథ లేదు, గారాబం లేదు, గొడవ లేదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు నోరారా వచ్చిన భాషలో మాట్లాడండి. ఇంట్లో లంబాడీ అయితే లంబాడీ, కోయ అయితే కోయ. నాకు ఆ రెండు భాషలూ సరిగా రావు కాబట్టి మీరు లోపల కూర్చోవడం ఇంకా అవసరం. మాట ఎలా రాబట్టాలో నేను చూపిస్తాను, మాట మీరు ఇవ్వండి. రంగుల పేర్లు, ఏబీసీడీలు తర్వాత చూసుకుందాం. మొదట కావాలి, వద్దు, ఇంకా, రా, ఇవ్వు, అయిపోయింది. వీటితో బిడ్డ రోజు నడుస్తుంది.

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం మానను. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ పనే. అక్కడా ఇంట్లోవాళ్ళదే సగం పని. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం కదా. పక్షవాతం వచ్చిన మనిషికి గుటక గుటకకూ పొలమారుతుంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయేమోనని అనుమానించాలి. పడుకోబెట్టి నీళ్ళు పోయకండి. నిటారుగా కూర్చోబెట్టండి, నాకు వెంటనే ఫోన్ చేయండి. ఒక తాతగారు భార్య పేరు చెప్పలేరు, రాముడి కీర్తన మాత్రం తప్పు లేకుండా పాడతారు. ఇన్నాళ్ళూ ఆవిడ "నా పేరే మర్చిపోయాడు" అని కుమిలిపోయింది. మర్చిపోలేదమ్మా, పేరు గుర్తుంది, నోటిదాకా రావడం లేదు. అలవాటుగా వచ్చే పాట, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టడం వేరే దారిలో వస్తాయి. ఇప్పుడు ఇద్దరూ కలిసి రోజూ పాడుతున్నారు, పాట మధ్యలో ఆవిడ ఆగితే తర్వాతి మాట ఆయన అందిస్తున్నారు.

600 మీకు కష్టమైతే మొహమాటపడకుండా చెప్పండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా బీమా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. దానికి కావలసిన బిల్లు నా రిజిస్ట్రేషన్ నంబరుతో ఇస్తాను. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి. పూర్తి పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థకు ఉత్తరం రాసిస్తాను. వేరేచోటికి వెళ్ళినా ఇంట్లో చేయవలసింది రాసిచ్చి పంపుతాను, దానికి డబ్బు తీసుకోను. ఎక్కడికి వెళ్ళినా థెరపిస్టు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నన్నూ అడగండి.

జూన్ మొదటి వారం వచ్చేటప్పుడు ఇంటి నుంచి మూడు వస్తువులు తెండి. బిడ్డ రోజూ తాగే గ్లాసు, ఇష్టంగా తినేది ఏదైనా కొంచెం, మూత బిగుతుగా ఉండే డబ్బా ఒకటి. కార్డులు అక్కర్లేదు. చీర గానీ చుడీదార్ గానీ కింద కూర్చోవడానికి వీలుగా ఉండేది కట్టుకు రండి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకు చిన్న పీట వేయిస్తున్నాను.