మూత్రంలో రక్తం పడితే ‘వేడి చేసింది’ అని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఒకటే చిట్కాలు. మూత్రం మంటగా ఉందా, సబ్జా నీళ్లు తాగండి, బార్లీ కాచుకోండి అని. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మంచివే, కాదనడం లేదు. కానీ మూత్రం ఎర్రగా పడిన అరవై, డెబ్బై ఏళ్ల పెద్దాయనకి కూడా మన ఇళ్లలో అదే వైద్యం జరుగుతోంది, ‘వేడి చేసిందిలే, రెండ్రోజులు చలవ చేసేవి తాగితే పోతుంది’ అంటూ. నిజంగానే రెండ్రోజుల్లో పోతుంది కూడా, నా బాధంతా దాని గురించే. మీరు ఆ చిట్కాలు వేసిన ప్రతిసారీ ‘రక్తం కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి’ అని ఒక్క లైను పెద్దక్షరాల్లో వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, మూత్ర పరీక్షలు చేయడం రోజూ నా పని. ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకున్నా రంగు మారుతుంది. శాంపిల్‌ని ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, రక్తకణాలైతే అడుగున ఎర్రగా పేరుకుని పైన నీరు తేటపడుతుంది. బీట్‌రూట్ రంగైతే ఎంత తిప్పినా పైనంతా అలాగే ఉంటుంది. అడుగున మిగిలినదాంట్లోంచి ఒక చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోప్‌లో చూసి లెక్క రాస్తాం. పెద్దగా చేసి చూసినప్పుడు ఒక్కో చోట మూడు, అంతకు మించి ఎర్ర కణాలు కనిపిస్తున్నాయంటే, కంటికి మూత్రం మామూలుగానే ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే. చాలామంది రిపోర్టులో షుగరు, పస్ సెల్స్ (చీము కణాలు) చూసుకుని కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటారు, కింద ఆర్‌బీసీ అని, అంటే ఎర్ర కణాల లెక్క, ఇంకో లైను ఉందని కూడా చూడరు. దయచేసి చూడండి.

కారణాలంటే చాలా ఉన్నాయి, అన్నీ భయపడాల్సినవీ కావు. ఆ వయసు మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథి పెరగడం మామూలే, దాని మీది రక్తనాళాలు చిట్లి రక్తం పడుతుంది. ఇన్ఫెక్షన్ అయితే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, ఒక్కోసారి చలి జ్వరం. రాయి అయితే నడుం పక్క నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి, మనిషిని కూర్చోనివ్వదు. ఇవన్నీ తామున్నామని చెప్పేస్తాయి కాబట్టి జనం ఎలాగూ ఆస్పత్రికి పరిగెత్తుతారు.

అసలు చూసుకోవాల్సింది నొప్పీ మంటా ఏమీ లేకుండా పడే రక్తాన్ని. మూత్రాశయంలో క్యాన్సర్ కణితి ఎక్కువగా బయటపడేది అలాగే. ఒకసారి ఎర్రగా పడుతుంది, తర్వాత వారాలో నెలలో ఏమీ ఉండదు, మళ్లీ పడుతుంది. మధ్యలో ఎవరో ఒక యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు, దాని వల్లే తగ్గిందనుకుంటారు. మా దగ్గరికి వచ్చిన ఒక రైతు విషయంలో అచ్చం ఇదే జరిగింది. చిన్నప్పటి నుంచీ చుట్ట అలవాటు, మొదటిసారి ఎర్రగా పడితే ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు, ఆగింది. మళ్లీ సంక్రాంతికి పడింది, ఆగింది. కూతురు పట్టుబట్టి యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తే సిస్టోస్కోపీ చేశారు, అంటే మూత్రనాళంలోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి లోపల చూశారు, కణితి కనిపించింది. కడుపు కోయకుండా అదే దారిలో తీసేశారు. ఇప్పుడు మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కించుకుంటున్నారు, అవును, పిల్లలకి టీబీ రాకుండా వేసే ఆ బీసీజీయే. ఇంకా ఆలస్యమై కణితి లోపలి కండలోకి దిగి ఉంటే మూత్రాశయాన్నే తీసేయాల్సి వచ్చేదేమో.

ఈ క్యాన్సర్ ఆడవాళ్లకంటే మగవాళ్లలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ, దానికి అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకు. పొగలోని విషాలు రక్తంలోకి చేరి, కిడ్నీలు వడగట్టాక మూత్రంలో కలిసి గంటల తరబడి అక్కడే నిలవుంటాయి. బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా అంతే, ఎప్పుడో మానేసినవాళ్లు కూడా మాకేం కాదనుకోకూడదు. రంగుల పరిశ్రమల్లో, రబ్బరు, తోళ్ల పనుల్లో ఏళ్ల తరబడి చేసినవాళ్లకీ ముప్పు ఎక్కువే.

గుండెకి స్టెంట్ వేసుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ‘ఆ మాత్రల వల్లేలే’ అనుకుంటారు. మాత్ర ఉన్నప్పుడు రక్తం కాస్త తేలిగ్గా కారుతుందేమో కానీ కారడానికి లోపల ఏదో ఒక చోటు ఉండాలి కదా, అందుకే వాళ్లకీ పరీక్షలన్నీ చేయాలి. అలాగని భయపడి ఆ మాత్రలు సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం. షుగరుకి పయోగ్లిటాజోన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. మూత్రాశయ క్యాన్సర్ అనుమానంతోనే 2013 జూన్‌లో మన దేశంలో దాని అమ్మకం ఆపేసి, జులై ఆఖర్లో హెచ్చరిక రాయాలన్న షరతుతో మళ్లీ అనుమతించారు.

ఇంకో మాట. క్రియాటినిన్ నార్మల్ వచ్చింది, కిడ్నీలు బాగున్నాయి, ఇంకేం టెన్షన్ లేదని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. క్రియాటినిన్ కిడ్నీల పనితీరు చెబుతుందంతే, మూత్రాశయంలో కణితి ఉందో లేదో దానికి తెలియదు. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కూడా చిన్న కణితి తప్పించుకోవచ్చు, అందుకే డాక్టరు సీటీ, సిస్టోస్కోపీ రాస్తే డబ్బు గుంజడానికే అనుకోకండి.

మన నాన్నలు ఇవి నోరు తెరిచి చెప్పరు. కోడలు వింటుందని సిగ్గు, పిల్లలకి ఖర్చని దిగులు. పొలం గట్టున వెళ్లేవాళ్లకి, చీకటి బాత్‌రూముల్లో వెళ్లేవాళ్లకి రంగు కనిపించనే కనిపించదు. కాబట్టి ఇంట్లోవాళ్లే అడగాలి, కొడుకులైనా, తమ్ముళ్లైనా. రక్తం మొదట్లో పడుతోందా, చివర్లోనా, మొత్తం ధారలోనా అని కూడా అడిగి డాక్టరుకి చెప్పండి. మొదట్లో పడితే మూత్రనాళమో ప్రొస్టేటో, చివర్లో అయితే మూత్రాశయం మెడ దగ్గరో, ధారంతా ఎర్రగా ఉంటే మూత్రాశయంలోనో ఇంకా పైనో అని వాళ్లకి కొంత అంచనా దొరుకుతుంది. ఫోన్లో ఫొటో తీసి చూపించినా తప్పు లేదు.

రక్తం గడ్డలుగా పడుతూ మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. గడ్డ దారికి అడ్డుపడిందన్నమాట, ఎంత నీళ్లు తాగించినా నొప్పి పెరుగుతుందే తప్ప దిగదు. ట్యూబు వేసి లోపల కడగాల్సిందే, ఆ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి అప్పుడే తీసుకెళ్లండి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి