బీరువాలో ఉన్న స్టాంపు పేపరు

దేవరకొండ,
అక్టోబరు 26, 2025.

చి. లావణ్యకు నాయిన ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాం. అనుకోవడమే మరి, నీ గొంతు విని మూడు ఆదివారాలైంది. దీపావళికి నువ్వు పంపిన దీపం బొమ్మ వచ్చింది. మీ అమ్మ దాన్ని పదిసార్లు తెరిచి చూసింది, కింద ఇంకేమైనా రాశావేమోనని.

బత్తాయి కోత అయిపోయింది. కాయ బాగుంది, రేటే లేదు. నరేశ్ చెట్లు తీసేసి ఆయిల్ పామ్ పెడదామంటున్నాడు. నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నానమ్మ మోకాళ్ళకు నువ్వు చెప్పిన మాత్ర రాత్రిపూటే వేస్తున్నాం, అన్నం తిన్నాకే.

మొన్న కొండమల్లేపల్లిలో కిష్టయ్య మామ మనవరాలి పెళ్ళికి పోయాం. బంతిలో నా పక్కన కూర్చున్న వెంకటయ్య, "మీ బిడ్డ అమెరికాలో వేవర్ పెట్టిందంట కదా బావా, ఇక ఇండియాకు రానట్టే" అన్నాడు. "అవును, మాకు చెప్పింది" అన్నాను. అరవై రెండేళ్ళ వయసులో పెళ్ళి బంతిలో అబద్ధమాడాను. తర్వాత బగారా అన్నం గొంతు దిగలేదు.

ఇంటికొచ్చి నరేశ్‌ను కూర్చోబెట్టి మొత్తం అడిగాను. మందుల స్టాకు రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకున్నాను. నాకు అర్థమైంది ఇది, తప్పుంటే దిద్దు. చదువుకు ఇచ్చే జే-1 వీసా మీద పోయిన డాక్టరు చదువైపోగానే రెండేళ్ళు సొంత దేశంలో ఉండి రావాలి, లేకుంటే ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా లేదు, అక్కడే ఉండిపోవడానికి గ్రీన్ కార్డూ లేదు. ఆ రెండేళ్ళు మాఫీ చేయించుకోవడమే వేవర్, దానికి డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు, వారానికి 40 గంటలు పనిచేస్తానని ఒప్పుకోవాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే ఇస్తారట. అక్టోబరులోనే చాలాచోట్ల తలుపు తెరుస్తారట కాబట్టి ఈ నెలంతా నువ్వు ఎందుకు మాట్లాడలేదో నాకు తెలిసినట్టే ఉంది. 1994లో ఈ పద్ధతి తెచ్చిన సెనేటరు నార్త్ డకోటా వాడట. నీ ఇంటర్వ్యూ కూడా అక్కడేనని అమ్మతో అన్నావట. అమ్మతో అన్నావు, నాతో అనలేదు.

ఎందుకో నాకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో మనిద్దరం కోర్టు దగ్గర నోటరీ చేయించాం కదా, చదువవగానే తిరిగొస్తానని. దేశానికి ఇలాంటి డాక్టర్ల అవసరం ఉందని ఢిల్లీ నుంచి ఆరోగ్య శాఖ వాళ్ళు ఉత్తరం కూడా ఇచ్చారు. దాన్ని నేను ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు ఆ సంతకం చూపించి నిన్ను నిలదీస్తానని అనుకుంటున్నావు.

సరే, అది వదిలెయ్యి. నేను పనిచేసిన పీహెచ్‌సీ సంగతి ఒకటి చెప్తా. నువ్వప్పుడు రెండో తరగతి. మూడేళ్ళు ఖాళీగా ఉన్న పోస్టుకు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మా క్వార్టర్లోనే అన్నం తినేవాడు, నీకు స్టెతస్కోపు పెట్టుకోవడం నేర్పింది ఆయనే. ఒకరోజు ముసురులో పత్తి చేన్లో పాము కరిచిన ఒకామెను ఎడ్లబండి మీద తెచ్చారు. కరెంటు లేదు, జీపు రిపేరులో ఉంది. విరుగుడు సీసాలు ఎన్ని ఉన్నాయంటే అల్మారా తీసి లెక్కపెట్టాను, చాలవు. ఉన్నవన్నీ ఎక్కించి, రాత్రంతా ఆమె నాడి పట్టుకొని కూర్చున్నాడు. నేను లాంతరు పట్టుకొని నిలబడ్డాను. ఒత్తి ఎగదోసిన ప్రతిసారీ నా వైపు చూసి నవ్వేవాడు, ఎందుకో తెలియదు. తెల్లారి పాల వ్యానులో దేవరకొండకు చేర్చాం. బతికింది. పోయిన ఏడాది బ్యాంకులో కనబడి నీ గురించి అడిగింది. ఆ డాక్టరు పదకొండు నెలలు ఉండి, పీజీ సీటు వచ్చిందని వెళ్ళిపోయాడు. నాకెంత కోపమొచ్చిందంటే బస్సు ఎక్కించడానికి కూడా పోలేదు. పొద్దున చూస్తే కిటికీలో తాళంచెవి, దాని కింద చీటీ: "స్టాకు రిజిస్టరు సంతకాలన్నీ చేశాను, సరిచూసుకోండి." ఆయన తర్వాత మళ్ళీ రెండేళ్ళు ఎవరూ రాలేదు. బస్టాండు మా క్వార్టరుకు ఎంత దూరమని, నాలుగు అడుగులు. పోయి ఉండాల్సింది.

నువ్వు పోయే ఆ ఊళ్ళోనూ ముందున్న డాక్టరు ఎందుకు పోయాడో కనుక్కో. ఇది మాత్రం లెక్చరు అనుకోకు. కాంట్రాక్టు ప్రతి పేజీ చదివి సంతకం పెట్టు. వేవర్ వచ్చిన 90 రోజుల్లో చేరాలట, మూడేళ్ళు నిండకుండా వదిలేస్తే రెండేళ్ళ రూలు మళ్ళీ మెడకు పడుతుందట. ఇంకోటి, వేవర్ వచ్చినంత మాత్రాన గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. అలాంటి చోట ఐదేళ్ళు చేస్తే నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ అని ఇంకొకటి ఉందట, దాంతో ఆ పనికి అక్కడివాళ్ళు దొరకలేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ పని తప్పుతుంది కానీ గ్రీన్ కార్డు లైను తప్పదు. ఒక్కో దేశానికి నూటికి 7 అని వాటా పెట్టారు కాబట్టి మనవాళ్ళ లైను కదలదు. పెద్ద చదువులవాళ్ళ లైను, ఈబీ-2లో ఇప్పుడు 2013లో పెట్టుకున్నవాళ్ళ వంతు నడుస్తోందట. అప్పటికి నువ్వు పదో తరగతి! హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజని టీవీలో ఊదరగొట్టారు, అక్కడే ఉండి జే-1 నుంచి మారేవాళ్ళకు అది లేదని పోయిన వారం చెప్పారట. లాయరును అడిగి నాకు చెప్పు, నిద్ర పట్టడం లేదు. మీ అమ్మకు.

నార్త్ డకోటాలో మైనస్ ఇరవై కిందికి పోతుందట. నీకు చిన్నప్పటి నుంచి చలికి చెవి పోటు. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కో, స్టైలు తర్వాత. అమ్మ సకినాలు, కందిపొడి కట్టి పెట్టింది, అడ్రసు మారేట్టయితే ముందే చెప్పు.

పోస్టులో వేస్తే నీకు అందేసరికి మంచు పడుతుంది కాబట్టి నరేశ్‌తో ఫోటో తీయించి పంపిస్తున్నా. ఈ శనివారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి, మాకు ఆదివారం పొద్దున ఆరున్నర. ఆ తర్వాత మీ గడియారాలు గంట వెనక్కి పోతాయట, అప్పుడు ఏడున్నర. నేను ఐదింటికే లేస్తాను, ఎప్పుడైనా చెయ్యి.

ఆ స్టాంపు పేపరు, ఢిల్లీ ఉత్తరం నీ సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉన్నాయి, బీరువా కింది అరలో. లాయరు అడిగితే చెప్పు, స్కాన్ చేయించి పంపిస్తా.

నాయిన