మామా, రెగ్యులేటర్ కొనే ముందు

నెల్లూరు,
ఆదివారం పొద్దున.

మామా,

సముద్రంలో స్కూబా డైవింగ్‌కని కొందామనుకుంటా నువ్వు పంపిన నాలుగు రెగ్యులేటర్ల ఫొటోలూ చూశా. ఒక్కో దాని కింద బరువు గ్రాముల్లో రాసి, అన్నిటికన్నా తక్కువున్న దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టావే, ముందు ఆ సున్నా చెరిపెయ్. వాళ్లు రాసే బరువు చాలాసార్లు సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునే ఒక సెకండ్ స్టేజ్‌లది మాత్రమే. ఆక్టోపస్ (పక్కవాడికి గాలి ఇచ్చేందుకు ఉండే ఇంకో సెకండ్ స్టేజ్), దాని హోస్ (గొట్టం), ప్రెషర్ గేజ్, బీసీడీకి, అంటే నీళ్లలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్‌కి, గాలి పంపే హోస్, వీటి లెక్క అందులో ఉండదు. నువ్వు అండమాన్‌లోని హావ్‌లాక్‌కి మోసుకుపోయేది మొత్తం సెట్టు కదా, పుస్తకంలో అచ్చేసిన రెండు ముక్కలు కాదు.

అసలు బరువంతా యాడుందో తెలియాలంటే ఆ వస్తువు చేసే పనేందో చూడాలి. వంటింట్లో గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ ఎందుకు పెడతామో ఇదీ అందుకే, కాకపోతే ఇక్కడ ప్రెషర్ చాలా ఎక్కువ. నిండు సిలిండర్‌లో గాలి 200 బార్ ఉంటుంది. నీ కారు టైరులో ఉండేది రెండుంబావు బార్. ఆ 200 బార్‌ని ఫస్ట్ స్టేజ్ ఒక్క దెబ్బన చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్ ఎక్కువకి దించుతుంది. అక్కణ్ణించి నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ దాన్ని నువ్వు పీల్చగలిగే ఒత్తిడికి తెస్తుంది. అంత ఒత్తిడి ఆపాలి కాబట్టి ఫస్ట్ స్టేజ్ ఇత్తడి దిమ్మ, పైన క్రోమ్ పూత. తయారుచేసేవాళ్లు బరువు తగ్గించాలంటే ఆ ఇత్తడినే చెక్కి చిన్నది చేస్తారు. కొంతవరకూ అది మంచిదే. గాలి దారి ఇరుకయ్యేదాకా చెక్కితేనే చిక్కు.

విమానం సంగతి. ఒంగోలులో రైలెక్కి చెన్నై, అక్కణ్ణించి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు), ఆపైన హావ్‌లాక్‌కి, అంటే స్వరాజ్ ద్వీప్‌కి, ఫెర్రీ. మన దేశంలో విమానాలకు మామూలుగా 15 కిలోలు లగేజీలో, 7 కిలోలు చేతి సంచిలో. రెగ్యులేటర్ చేతి సంచిలోనే పెట్టు. లగేజీ బెల్టు మీద పడే దెబ్బలకి గేజ్ అద్దం, సిలిండర్‌కి ఆనే అంచు రెండూ దెబ్బతింటాయి. అలెన్ కీలు, స్పానర్, కత్తి మాత్రం లగేజీలోకి పోవాలి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. మామూలు సెట్టు, రబ్బరు కన్సోల్‌తో సహా, రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది. జాగ్రత్తగా కూర్చుకుంటే రెండు కిలోల లోపుకి దించొచ్చు. మిగిలే ఆ కిలో కోసం ఏమేం వదులుకోవచ్చు, ఏవి వదులుకోకూడదు అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

మొదట తేల్చాల్సింది యోకా, డిన్నా. యోక్ అంటే సిలిండర్ వాల్వ్ చుట్టూ పట్టీలా వచ్చి వెనక మరతో బిగిసేది. డిన్ అంటే వాల్వ్ లోపలికి మరలా దూరేది. ఆ పట్టీ ఉండదు కాబట్టి డిన్ సుమారు 200 నుంచి 250 గ్రాములు తేలిక. గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ రింగ్ కూడా లోపల ఇరుక్కుని ఉంటుంది, ఊడి ఎగిరిపోదు. వస్తువుగా చూస్తే డిన్నే మేలు. కానీ అండమాన్‌లో, పుదుచ్చేరిలో, కర్ణాటక నేత్రాణిలో నీకు ఎక్కువగా ఇచ్చేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, యోక్ వాల్వ్‌తో. డిన్ రెగ్యులేటర్‌ని దానికి తగిలించాలంటే అడాప్టర్ కావాలి. అడాప్టర్ బరువు నువ్వు ఆదా చేసినంతా తినేస్తుంది. పైగా ఇంకో ఓ రింగ్ తోడవుతుంది, ఫస్ట్ స్టేజ్ కాస్త తల వైపుకి జరిగి తల వెనకాల తగులుతా ఉంటుంది. కొన్నిచోట్ల వాల్వ్ మధ్యలో ఒక బిళ్ల ఉంటుంది, అలెన్ కీతో విప్పితే డిన్ నేరుగా ఎక్కుతుంది. అట్టాంటి వాల్వులున్నాయా అని నువ్వు బుక్ చేసుకున్న డైవ్ సెంటర్‌ని అడుగు, వాల్వ్ ఫొటో పంపమను. ఉన్నాయంటే డిన్ కొను. లేవంటే, డిన్ ఎక్కువగా వాడే యూరప్ వైపు పోయే ఆలోచన ఇప్పట్లో లేకపోతే, యోకే తీసుకో. బరువు కోసం డిన్ కొని అడాప్టర్‌తో తిరగడం దండగ.

ఇక లోపలి యంత్రం. పిస్టన్, డయాఫ్రమ్ అని రెండు రకాలు. బ్యాలెన్స్‌డ్ (సిలిండర్‌లో గాలి తగ్గినా ఒకే ఒత్తిడి ఇచ్చేది), అన్‌బ్యాలెన్స్‌డ్ అనేది వేరే సంగతి. నువ్వు సున్నా చుట్టింది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్. దానిలో కదిలే ముక్కలు చాలా తక్కువ, సర్వీసు తేలిక, ధర తక్కువ, ఏళ్లతరబడి నడుస్తుంది. అందులో తప్పేం లేదు. కానీ సిలిండర్‌లో గాలి తగ్గేకొద్దీ అది ఇచ్చే ఒత్తిడి కూడా తగ్గుతుంది. 30 మీటర్ల లోతులో ఒక్కో శ్వాసకి పైనకంటే నాలుగింతల గాలి కావాలి. సిలిండర్ 50 బార్‌కి వచ్చి, నువ్వు ప్రవాహానికి ఎదురీదుతా ఉండి, పక్కవాడు నీ ఆక్టోపస్ అందుకున్నాడనుకో. ఒక్క ఫస్ట్ స్టేజ్ ఇద్దరికి గాలి పెట్టాలి. పీల్చడం బరువయ్యేది సరిగ్గా అప్పుడే. 18 మీటర్ల లోపల పగడాలు చూసుకుంటా తిరిగేవాడికి అది చాలు. నువ్వు ఈసారి అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి 30 మీటర్లకి పోతానన్నావు కాబట్టి బ్యాలెన్స్‌డ్ తీసుకో. తేడా నూటో రెండొందలో గ్రాములు. ఆ గ్రాముల దగ్గర పిసినారితనం వద్దు. యూరప్‌లో అమ్మేవాటికి ఈఎన్ 250 అనే ప్రమాణం ఉంది. 50 మీటర్ల లోతు ఒత్తిడిలో నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున శ్వాస లాగి చూస్తారు. ఆ ముద్ర ఉందేమో చూడు. నువ్వు రాసుకున్న చలినీళ్ల పరీక్ష 10 డిగ్రీల లోపు నీళ్లకి. అండమాన్ నీళ్లు దాదాపు 28 డిగ్రీలుంటాయి, దానికోసం అదనంగా డబ్బులు పెట్టబాక.

అయితే సీలు చేసిన డయాఫ్రమ్‌కి మాత్రం డబ్బు పెట్టు. ఇది చలి కోసం కాదు, ఉప్పు కోసం. పిస్టన్ రకంలో స్ప్రింగ్ ఉండే అరలోకి సముద్రపు నీళ్లు నేరుగా వస్తాయి. డైవ్ అయ్యాక మంచినీళ్లలో గంటసేపు నానబెడితేగానీ ఆ ఉప్పు పోదు. ఊరుమీద ఉన్నప్పుడు గంట నానబెట్టే తీరిక, తొట్టి, నీళ్లు యాడ దొరుకుతాయి? రొయ్యల చెరువుల్లో ఏరేటర్ బోల్టులకి ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. మన కొత్తపట్నం, మైపాడు తీరంలో లాగా వండ్రు కలిసిన నీళ్లలో దిగేటప్పుడు కూడా ఆ అర మూసి ఉండటమే మేలు. కాబట్టి నా ఓటు చిన్న సైజు, బ్యాలెన్స్‌డ్, సీలు చేసిన డయాఫ్రమ్‌కి. నువ్వు పంపిన వాటిలో మూడోది ఆ రకమే.

టైటానియం అడిగావు. ఇత్తడిలో దాదాపు సగం బరువు, ఉప్పుకి చలించదు, చూడ్డానికీ బాగుంటుంది. ధర మాత్రం రెండుమూడింతలు. ఆక్సిజన్ 40 శాతం దాటిన గాలితో దాన్ని వాడకూడదు, అంటుకునే ప్రమాదముంది. నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన డైవింగ్ గాలి) 32, 36తో ఇబ్బంది లేదు. ఏటా ఐదారుసార్లు విమానం ఎక్కేవాడికి సరే. నీకు ఆ డబ్బుతో ఇంకో ట్రిప్పు వస్తుంది. ఇంకోటి విను: ఇత్తడి తగ్గితే నీళ్లలో నువ్వూ ఆ మేరకు తేలతావు. ఖాళీ అయిన అల్యూమినియం సిలిండర్ దానంతటదే సుమారు రెండు కిలోల మేర పైకి లాగుతుంది. కాబట్టి అక్కడ నడుముకి సీసం ఒక ముక్క ఎక్కువ కట్టమని అడగాల్సి రావొచ్చు. ఆ సీసం వాళ్లదే, నువ్వు మోసుకుపోయేది కాదు.

హోసుల గురించి కాస్త నిదానంగా చదువు, ఎందుకంటే అందరూ బరువు తగ్గించేది ఇక్కడే, దెబ్బ తినేదీ ఇక్కడే. రబ్బరు హోసులు బరువు, బిరుసు. నైలాన్ అల్లిక హోసులు తేలిక, మెత్తన, చుట్టచుడితే అరచేతంత. ప్రయాణానికి అవే నప్పుతాయి. కాకపోతే ఆ అల్లిక లోపల పాలియురిథేన్ గొట్టం ఉంటుంది. వేడీ తేమా కలిసిన చోట కొన్ని రకాల పాలియురిథేన్ లోపల్లోపలే విరిగి, పసుపచ్చటి పలుకులుగా గట్టిపడుతుంది. పైన అల్లిక కొత్తదానిలాగే ఉంటుంది. లోపల దారి మూసుకుపోతా ఉంటుంది. డైవర్ల భద్రత చూసే డ్యాన్ సంస్థ కూడా దీని మీద హెచ్చరించింది. పీల్చడం రోజురోజుకీ బరువవుతుంటే, సెకండ్ స్టేజ్ ఊరికే గాలి వదులుతుంటే ముందు హోస్‌ని అనుమానించు. గాలి లేనప్పుడు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్లతో వంచి చూడు. ఎక్కడైనా గట్టి ముడిలా తగిలినా, లోపల కరకరమన్నా ఆ హోస్ పారెయ్. బాగానే ఉన్నా ఐదేళ్లకి మార్చెయ్. మే నెలలో ఒంగోలు ఎండకి కారు డిక్కీలోనో మేడ మీద రేకుల గదిలోనో పెట్టావంటే ఐదేళ్లు కూడా ఆగదు. రబ్బరు హోసులు వాడితే చివర్ల తొడుగులు వెనక్కి జరిపి చూడు, ఉప్పునీళ్లు నిలిచి చీలికలు మొదలయ్యేది ఆ తొడుగు కిందే.

పొడవులు: నోటికి వచ్చేది 75 సెంటీమీటర్లు, ఆక్టోపస్‌ది 90 నుంచి 100, బీసీడీది 65 చాలు. హోస్ కురచ చేసి బరువు తగ్గిద్దామనుకోబాక, తల తిప్పినప్పుడల్లా మౌత్‌పీస్ లాగేస్తుంది.

గేజ్ దగ్గర మాత్రం గట్టిగా కొయ్యి. దిక్సూచి, లోతు మీటరు, గేజ్ మూడూ రబ్బరు కన్సోల్‌లో బిగించిందే నీ సెట్టులో అనవసరపు బరువు. చేతికి డైవ్ కంప్యూటర్ ఉంది కదా. చిన్న ఇత్తడి గేజ్ ఒక్కటి సన్నపాటి హోస్‌కి చాలు. ఇక్కడ తగ్గే బరువు ఫస్ట్ స్టేజ్ మార్చితే తగ్గేదానికంటే ఎక్కువే ఉంటుంది. కావాలంటే వంటింటి కాటా మీద రెండూ పెట్టి చూడు.

ఆక్టోపస్‌ని బీసీడీ ఇన్‌ఫ్లేటర్‌లోనే కలిపేసిన రకాలుంటాయి. ఒక హోస్ మొత్తం తగ్గుతుంది. కానీ దాని కప్లింగ్ మామూలు దానికంటే పెద్దది. నువ్వు బీసీడీ అక్కడ అద్దెకి తీసుకుంటానన్నావు, దానికి ఇది ఎక్కదు. విడి ఆక్టోపసే ఉంచు, చిన్న ప్లాస్టిక్ బాడీది. సెకండ్ స్టేజ్ ఎంత తేలికైతే దవడకి అంత సుఖం. రోజుకి మూడు డైవులు చేస్తే సాయంత్రానికి నీకే తెలుస్తుంది.

వాడినది కొనేటట్టయితే సిలిండర్ తగిలించకముందే ఒక పరీక్ష. ఫస్ట్ స్టేజ్ మూత బిగించి, మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని మెల్లిగా పీల్చు. గాలి అస్సలు రాకూడదు. వచ్చిందంటే సెకండ్ స్టేజ్ డయాఫ్రమో, గాలి బయటికి పోయే రబ్బరు రెక్కో చిరిగింది, నీళ్లలో అది నీళ్లే తాపిస్తుంది. తర్వాత మూత తీసి లోపలి జల్లెడ బిళ్ల రంగు చూడు. పచ్చగా ఉంటే ఉప్పునీళ్లు పోయి చిలుము పట్టింది, ఎర్రగా ఉంటే ఇనప సిలిండర్ తుప్పు, నల్లగా ఉంటే కంప్రెసర్ ఫిల్టర్ నుంచి వచ్చిన మసి. ఇప్పుడు సిలిండర్ తగిలించి, వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ చూస్తా గట్టిగా నాలుగుసార్లు పీల్చు. ముల్లు ఊగకూడదు. ఊగితే ఆ జల్లెడ మూసుకుపోతా ఉందని. బీసీడీ హోస్‌కి తగిలించే చిన్న ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కో, తేలిక, చవక. 9, 10 బార్ మధ్య ముల్లు నిలబడి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. నెమ్మదిగా పైకి పాకుతుంటే లోపలి సీటు అరిగింది. ఆ రెగ్యులేటర్ అక్కడికి పోయాక బుస్సుమంటుంది.

సర్వీసు సంగతి ధర కంటే ముందు అడుగు. ఆ బ్రాండ్ కిట్లు చెన్నైలోనో, పుదుచ్చేరిలోనో, హావ్‌లాక్‌లోనో దొరుకుతాయా? దొరకవంటే ఎంత తేలికైనా వద్దు. ఏడాదికో రెండేళ్లకో ఓ రింగులు, సీటు మార్చాలి, కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

కడగడం: మీ వీధి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, వాటితో కడిగితే కడగనట్టే. క్యాన్ నీళ్లు వాడు. మూత ఆరబెట్టి బిగించాకే నీళ్లలో ముంచు. గాలి లేనప్పుడు సెకండ్ స్టేజ్ మీద బటన్ నొక్కబాక, నీళ్లు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్ దాకా పోతాయి. నిమ్మకాయతో తోమి మెరిపించే పని కూడా వద్దు, క్రోమ్ పూత పోతుంది.

మెత్తలు కుట్టిన రెగ్యులేటర్ బ్యాగు కొనబాక, అదే అరకిలో ఉంటుంది. లుంగీలో చుట్టి టీషర్టుల మధ్య పెట్టు. ఒక చిన్న డబ్బాలో యోక్ వాల్వ్‌కి 014 సైజు ఓ రింగులు నాలుగు, డిన్ అయితే 112వి రెండు, గేజ్ మెడలో ఉండే బుల్లి 003వి రెండు, ఒక మౌత్‌పీస్, ప్లాస్టిక్ ట్యాగులు నాలుగు. గేజ్ మెడ దగ్గర సన్నగా బుడగలొస్తే అవే ఆ 003లు, రెండు నిమిషాల పని. ట్యాగు తెగితే మౌత్‌పీస్ నోట్లోనే ఉండి సెకండ్ స్టేజ్ జారిపోతుంది, అందుకని ప్రతి ట్రిప్పుకీ ముందు దాన్ని లాగి చూడు.

వాల్వ్ ఫొటో రాగానే నాకు పంపు. అది చూసేదాకా మూడోదానికి అడ్వాన్సు కూడా ఇవ్వబాక, యోక్‌దా డిన్‌దా ఆ తర్వాత చెప్తా.

అత్తమ్మని అడిగానని చెప్పు.

ఉంటా మామా.