సాంబారు బకెట్టు, మన కలెక్టరు

ఒరేయ్ దొండకాయ్,

నీ ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో గుర్తుచెయ్యకు. తిట్లన్నీ ఎదురుపడ్డప్పుడు తిడుదువుగాని. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చిన్నదానికి కాకినాడలో సీటొచ్చింది, పెంకులు ఇంకా మార్పించలేదు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి విను. ఫోన్లో చెబితే మధ్యలో నవ్వేసి పాడుచేస్తావని కాగితం మీద పెడుతున్నా.

నేను తిరుమలలో శ్రీవారి సేవకి వెళ్లొచ్చాను. అవును, నేనే. మీ చెల్లెలు నన్ను మాటమాత్రం అడక్కుండా ఆన్‌లైన్లో ఇద్దరి పేర్లూ ఎక్కించేసింది. వారం పాటు సేవ, జీతం భత్యం ఏమీ ఉండవు. 2000లో మొదలుపెట్టారట. నడుము నొప్పి, లీవు లేదు అని ఎంత గొణిగినా వినలేదు. తెల్ల బట్టలు, మెళ్లో కండువా వేసుకుని అద్దంలో చూసుకుంటే పంచాయతీ ఎన్నికల్లో డిపాజిట్ పోయిన కేండిడేట్‌లా ఉన్నాను.

అక్కడ అందరి ఆశా గుడి లోపలి డ్యూటీ మీదే. దానికి డిప్, అంటే లాటరీ తీస్తారు. నాకు రాలేదు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేశారు. 1985లో రామారావు గారి హయాంలో రోజుకి రెండు వేల మందితో మొదలైన అన్నదానం అది. ఇప్పుడు ఒక్క హాల్లోనే వెయ్యి మంది కూర్చుంటారు, అలాంటివి నాలుగు. బంతి లేస్తుంది, ఆకులు తీస్తారు, తుడుస్తారు, తలుపులు తెరవగానే గోవిందా అంటూ ఇంకో వెయ్యి మంది.

నా చేతికి సాంబారు బకెట్టు ఇచ్చారు. మొదటి పూటకే భుజం పోయింది. రాత్రి పడుకుని, పొద్దున్నకి జ్వరం వస్తే బాగుణ్ణు స్వామీ అని దణ్ణం పెట్టుకున్నా. నాతోపాటు అన్నం వడ్డించేది పల్నాడు నుంచి వచ్చిన తాపీమేస్త్రి. కూలి మానుకుని ఏటా వస్తాడట. నా అవస్థ చూసి "బకెట్టు సగమే నింపించుకో స్వామీ, రెండుసార్లు తిరుగు. వీరత్వం చూపించమాకు" అన్నాడు. నవ్వకు. నా భక్తి నిలబడింది ఆ సగం బకెట్టు మీదే.

ఇక విను. మధ్యాహ్నం బంతి. వంగి వడ్డించేవాడికి ఆకులే కనిపిస్తాయి, మొహాలు చూసే తీరికుండదు. ఒక ఆకు దగ్గర ఎవరో అన్నంలో గుంట చేసుకుని కూర్చున్నారు. వేలికి పగడపు ఉంగరం. ఆ వేలు నాకు తెలుసు. గట్టు మీద కొబ్బరిచెట్టు వైపు చూపించి "ఇది నాది" అన్న వేలు.

కలెక్టరు రా! మనం కలెక్టరని పిలుచుకునే మా పెదనాన్న కొడుకు! టేపు పట్టుకుని రాత్రిపూట గట్టు కొలిచిన మహానుభావుడు. నాన్న పోయినరోజు వీధి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు చూడు, నువ్వే కదా నా చొక్కా పట్టుకుని ఆపావు.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆ ఒక్క ఆకూ వదిలేసి ముందుకు పోదామనిపించింది, దాచను. వెనక ఇంకొకరు వచ్చి పోస్తారు, ఎవరికి తెలుస్తుంది? సరిగ్గా అప్పుడు మన సోషల్ మాస్టారు గుర్తొచ్చారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి కథ. అంతర్వేది దర్శనానికి బయల్దేరి, తనింటికే భోజనానికి వెళ్తున్నవాళ్ల మాటలు దారిలో చెవినపడి, దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పించారని మాస్టారు కళ్లు తుడుచుకుంటూ చెబుతుంటే, నువ్వు లేచి "మరి పల్లకీ మోసినోళ్లకి పెట్టారాండీ?" అన్నావు. గోడకుర్చీ వేశావు. నాకు గుర్తొచ్చింది సీతమ్మగారి గొప్పతనం కూడా కాదు, నీ గోడకుర్చీ! నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే పోసేశాను.

ఆయన తల ఎత్తలేదు. "ఇంకొంచెం స్వామీ" అన్నాడు. నన్ను స్వామీ అన్నాడ్రా కలెక్టరు! కోర్టుకెక్కాక నాతో మాట్లాడిన మొదటి మాట, అదీ నేనని తెలియక. ఇంకో గరిటె పోశాను. అడుగునుంచి తోడి ముక్కలు కూడా వేశాను. ఎందుకు వేశానో ఏమో. నాన్నైతే వేసేవాడు కాదు. అమ్మైతే... అది తర్వాత.

మజ్జిగ బకెట్టుతో మళ్లీ వెళ్లేసరికి తలెత్తి చూశాడు. "నువ్వు... చిన్నోడివి కదూ?" అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. చాలని పెట్టాడో, నా చేత్తో వద్దని పెట్టాడో. నేను అక్కడే నిలబడ్డాను. కాసేపటికి చెయ్యి తీశాడు. పోశాను. జుట్టంతా తెల్లబడిపోయింది రా. వెనక నుంచి మేస్త్రి "కదులు స్వామీ, జనం చూస్తున్నారు" అన్నాడు. వరస చివరిదాకా వెళ్లి తిరిగి చూస్తే బంతి లేచిపోయింది. అన్నయ్యా అని పిలుద్దామంటే నోరు రాలేదు.

ఆ భవనానికి పేరిచ్చిన భక్తకవయిత్రి వెంగమాంబగారికీ పొరుగుపోరు తప్పలేదట. ఎంగిలి విస్తళ్లు ఆవిడ మీద పారేసేవారని కథగా చెప్పుకుంటారు. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో ఆవిడ పేరున ముత్యాల హారతి ఇస్తారు. పోయిపోయి ఆవిడ భవనంలోనే నాకీ పరీక్ష పెట్టాలా?

నేను మారిపోయాననుకోకు. చెట్టు మనదే, వాయిదా వచ్చే నెల. భుజం నొప్పీ పోలేదు. కానీ మర్నాడు తెల్లారగట్ల మేస్త్రిని నేనే లేపాను. జ్వరం సంగతే గుర్తు రాలేదు. చివర్న దర్శనం కూడా అయింది, అక్కడ ఏం అడిగానో రాయను.

వచ్చేసారి నీ పేరు కూడా ఎక్కించమని మీ చెల్లెలికి చెప్పాను. అరవై దాటితే తీసుకోరు, నువ్వు వయసు దాచే రకానివి, ఆధార్ అడుగుతారు జాగ్రత్త. ఇంకో ముఖ్యమైనది, ఇదంతా అమ్మకి చెప్పాలా వద్దా? చెబితే నిన్ననే ఆయన పంపించిన... అబ్బా, చిన్నది స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొడుతోంది. పోస్టు డబ్బా తీసే టైమట. మిగతాది మళ్లీ,

నీ
గోడకుర్చీ పార్టనర్