పొలం డబ్బు, కాకినాడ సముద్రం

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే శ్రీనూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. నువ్వు తిట్టబోయే తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు, కానివ్వు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. చిన్నాడికి ఒడియాలో మంచి మార్కులు, తెలుగులో అత్తెసరు. గొడుగు మాస్టారు రిటైరయ్యారు, గొడుగు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది! సరే, అసలు కథ విను.

మా బావ కాశీనగర్ పొలం అమ్మేశాడు. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు పోయిన దగ్గర్నుంచీ దాని మీద మనసు విరిగిపోయింది. ఇప్పుడా డబ్బంతా చమురు, గ్యాస్ తీసే సర్కారు కంపెనీ ఓఎన్‌జీసీ షేర్లలో పోస్తానని భీష్మించుకు కూర్చున్నాడు. 2024 జనవరి 7న మీ కాకినాడ వైపు లోతు సముద్రంలో ఆ కంపెనీ కొత్త క్షేత్రం నుంచి మొదటి చమురు పైకొచ్చింది చూడు, అది టీవీలో చూశాడు. అంతే. "మన సముద్రం, మన చమురు. ఇక యుద్ధం ఎక్కడొచ్చినా లాభం మనకే" అంటాడు. అక్క ఫోన్ చేసింది, ఏడుపొక్కటే తక్కువ.

నిన్న రాత్రి వెళ్లాను. "2022లో ఉక్రెయిన్ యుద్ధమొచ్చి బ్యారెల్ వంద డాలర్లు దాటింది కదా బావా, అప్పుడేమైంది?" అన్నాను. "ఏమవుతుంది, పండగే" అన్నాడు. పండగేం కాదురా! జులై 1న కేంద్రం విండ్‌ఫాల్ ట్యాక్స్ వేసింది, అంటే ధర ఎగిరి అయాచితంగా వచ్చిన లాభం మీద పన్ను. టన్ను ముడిచమురుకి 23,250 రూపాయలు, అంటే బ్యారెల్‌కి దాదాపు 40 డాలర్లు. ఆ ఒక్కరోజే షేరు 13 శాతం దాకా పడింది. బావ కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడవడం మొదలెట్టాడు. ఆ తుడవడం ఎందుకో నీకు వేరే చెప్పాలా! "ఎత్తేశారుగా" అన్నాడు చివరికి. నిజమే, 2024 డిసెంబరులో ఎత్తేశారు, ధరలు దిగాక. మళ్లీ పెరిగితే మళ్లీ వెయ్యరని ఎవరు రాసిచ్చారు?

నేనూ ఊరుకోలేదు. 2018 జనవరిలో పెట్రోలు అమ్మే హెచ్‌పీసీఎల్ కంపెనీలో కేంద్రానికున్న 51.11 శాతం వాటాని ఓఎన్‌జీసీ చేతే 36,915 కోట్లకి కొనిపించారు. సర్కారుకి లోటు పూడింది, కంపెనీ నెత్తిన అప్పు పడింది. ఈ షేరు కొనేవాడు బావుల లోతు కన్నా ఢిల్లీ లోతు ముందు చూసుకోవాలని నా అనుమానం. "అదే సర్కారు డబ్బు కావాలంటే డివిడెండ్ ఇప్పించుకుంటుంది, అందులో మనకీ ముడుతుంది కదా" అన్నాడు బావ. ఆ మాట బాగుంది, కాదనలేకపోయాను. తిక్క ఉంది గానీ బుర్ర లేదనలేం.

సముద్రాన్నయినా నమ్మేదెలా? అదే కాకినాడ సముద్రంలో రిలయన్స్ వాళ్ల కేజీ-డీ6 బ్లాకులో 2009లో గ్యాస్ మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్ల దాకా వెళ్లింది. తర్వాత బావుల్లోకి నీళ్లు, ఇసుక చేరి దిగిపోతూ వచ్చి, ఆ మొదటి క్షేత్రం 2020 ఫిబ్రవరిలో మూతపడింది. పక్కనే కొత్త బావులు వచ్చాయనుకో, అది వేరే...

ఇంతసేపూ అక్క అత్తగారు మూల కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఉన్నట్టుండి, "నాయనా, ఆ సముద్రం ఎవరిది?" అంది. గవర్నమెంటుదే అన్నాను. "పన్నో?" అదీ వాళ్లదే అన్నాను. "ధర ఎక్కువైతే లాక్కునేదీ వాళ్లేనంటివి. మరి మా వాడిదేంటి అందులో?" అంది. బావ నా వైపు చూశాడు, నేను అక్క వైపు చూశాను. అక్క లోపలికెళ్లిపోయింది, నవ్వాపుకోలేక.

చివరికి సగం బ్యాంకులో వెయ్యడానికి ఒప్పుకున్నాడు. మిగతా సగానికి తీర్పరివి నువ్వట! "కాకినాడలో మీవాడున్నాడుగా, రిగ్గులకి సామాను మోసే పడవలు ఈ మధ్య ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో కనుక్కో" అన్నాడు. పడవలు లెక్కపెట్టి షేర్లు కొనేవాణ్ని నేనెక్కడా చూడలేదు. నువ్వు మాత్రం నిజం రాయి. ఇంకా షేర్లుంచే డీమ్యాట్ ఖాతాకి నామినీ గొడవ చెప్పాలి, అక్క పేరు బదులు... ఉండు, పాతపట్నం వెళ్లే కుర్రాడు వాకిట్లో హారన్ కొడుతున్నాడు, ఇది వాడి చేతికే ఇవ్వాలి. మిగతాది ఫోన్లో.

నీ
రాజు