స్వేచ్ఛాసంకల్పానికి క్వాంటమ్ సాక్ష్యం చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

క్వాంటమ్ భౌతికశాస్త్రం విధివాదాన్ని పూర్వపక్షం చేసిందనీ, మనిషి సంకల్పం స్వేచ్ఛాయుతమని అణువులే సాక్ష్యం చెబుతున్నాయనీ మీ ఆదివారం అనుబంధంలోని వ్యాసం తీర్మానించింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తుందన్న ప్రకటన వెలువడిన నాటి నుంచి ఈ మాట వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ, జాతకాల చర్చల్లోనూ ధారాళంగా దొర్లుతోంది. పత్రిక కూడా అదే బాట పట్టడం ఉచితం కాదు.

వ్యాసకర్త చెప్పినదాంట్లో మొదటి సగం చాలావరకు నిజమే. ఒకానొక క్షణంలో విశ్వంలోని ప్రతి కణం స్థితీ తెలిసిన మేధకు భూతభవిష్యత్తులు రెండూ కరతలామలకమేనని 1814లో ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ ఊహించాడు. క్వాంటమ్ సిద్ధాంతం చెప్పేది సంభావ్యతలను మాత్రమేనని 1926లో భౌతికవేత్త మాక్స్ బోర్న్ వివరించాక ఆ ధీమా సడలింది. (అవే ఫలితాలనిచ్చే నియతివాద రూపాన్ని, అంటే అంతా ముందే నిర్ణయమై ఉంటుందనే రూపాన్ని, 1952లో భౌతికవేత్త డేవిడ్ బోమ్ ప్రతిపాదించాడు గనుక, పూర్తిగా పోయిందనడానికీ లేదు.)

అయితే యాదృచ్ఛికత వేరు, స్వేచ్ఛ వేరు. మన ఒంట్లోని పొటాషియంలో అతి స్వల్పభాగం రేడియోధార్మికమైనది. దాని పరమాణువులు సెకనుకు సుమారు 4,000 చొప్పున విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. అదంతా మన ఒంట్లోనే జరుగుతున్నా, మనం సంకల్పించి చేశామని ఎవరూ అనరు. నా నిర్ణయం అలాంటి పరమాణువు మీద ఆధారపడి ఉంటే, అది నాది అనడానికి ఆధారం తగ్గుతుందే తప్ప పెరగదు. నుదుటిరాత పోయి పాచికలు వచ్చాయి, అంతే.

వ్యాసకర్త 2022 నోబెల్ బహుమతిని కూడా ఉదహరించారు. ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌ల ప్రయోగాలు తేల్చింది మనిషి సంకల్పం స్వేచ్ఛాయుతమని కాదు. జంట ఫోటాన్లను (కాంతి కణాలను) చెరో దిక్కుకూ పంపి, ఒక్కొక్కదాన్ని ఏ కోణంలో పరీక్షించాలో అక్కడికక్కడ ఎంచుకుంటారు. ఫలితాలు ఫోటాన్ల పూర్వస్థితిలోనే నిర్ణయమై ఉండి, ఒకచోటి కొలత ప్రభావం రెండోచోట పడకపోతే, ఆ రెండింటి ఫలితాల మధ్య పొంతన ఒక హద్దు దాటదని 1964 నాటి బెల్ సిద్ధాంతం చెబుతుంది. కోణాల ఎంపికకూ ఫోటాన్ల పూర్వస్థితికీ సంబంధం లేదన్నది ఆ సిద్ధాంతం ముందుగానే పెట్టుకున్న షరతు. దాన్ని గట్టిపరచడానికే 2016 నవంబరు 30న సుమారు లక్ష మంది చేత ఆన్‌లైన్ ఆటలో సున్నాలు, ఒకట్లు నొక్కించి, ఆ అంకెలను బట్టి 5 ఖండాల్లోని 12 ప్రయోగశాలల్లో కొలతలను ఎంపిక చేశారు. ఫలితాలు ఆ హద్దు దాటి, క్వాంటమ్ సిద్ధాంతంతోనే ఏకీభవించాయి. కానీ ఆ వేళ్లు స్వేచ్ఛగా కదిలాయని ప్రయోగం రుజువు చేయలేదు, కదిలాయనుకునే మొదలైంది. షరతును ఫలితంగా చూపడం తర్కానికి నిలవదు.

నేను విధివాదిని కాను. మనిషి బాధ్యత గురించిన ప్రశ్న కోర్టుల్లో రోజూ తలెత్తేదే. మతిస్థిమితం లేని వ్యక్తికి మినహాయింపునిచ్చే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చూసేది, చేస్తున్న పని ఎలాంటిదో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోగల స్థితిలో అతడున్నాడా అని. అతడి మెదడులోని ఎలక్ట్రాన్ల నడక ముందే నిర్ణయమైందా అని కాదు. మీరు ఈ విషయం మీద మరో వ్యాసం వేయదలిస్తే న్యాయకోవిదుల చేతనో, నాడీశాస్త్రజ్ఞుల చేతనో రాయించండి. ఈలోగా బెల్ సిద్ధాంతం షరతు గురించి ఒక సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి