చల్లగా రావాల్సిన ఇంజెక్షన్ ఒకసారి వేడెక్కి, ఒకసారి గడ్డకట్టి వచ్చింది

విశాఖపట్నం,
2025 జూన్ 18.

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మే నెలలో రెండుసార్లు పాడైన సెకుకినుమాబ్ ఇంజెక్షన్ పెన్నులు పంపడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. గత డిసెంబరు నుంచి నా ఇంజెక్షన్లు మీ మందుల యాప్‌లోనే తెప్పించుకుంటున్నాను. మొదటి ఐదు నెలలూ మీరు పంపిన మందు సరిగ్గానే వచ్చింది, ఆ మాట ముందే చెప్పాలి. మే నెలలో మాత్రం రెండుసార్లు పంపితే రెండుసార్లూ వాడటానికి పనికిరాకుండా వచ్చింది. ఏడుసార్లు ఫోన్ చేశాను. చివరికి "మీ ఫిర్యాదు పరిష్కారమైంది" అని మెసేజ్ పెట్టి మూసేశారు. ఏమీ పరిష్కారం కాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు 2009 నుంచి సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంది. 2016లో కీళ్లకు కూడా పాకింది, దాన్నే సోరియాటిక్ ఆర్థరైటిస్ అంటారు. కుడి చూపుడు వేలు మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున వాచిపోయేది. పొద్దున లేస్తే మడమ నేల మీద ఆనేది కాదు. ఏళ్ల తరబడి వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వాడాను. లివరు పరీక్షల్లో తేడా రావడంతో ఆపేశారు. 2023లో మా కీళ్ల డాక్టరు గారు టీబీ లేదని రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించి నిర్ధారించుకున్నాకే ఈ సెకుకినుమాబ్ మొదలుపెట్టారు. మొదట వారం వారం, ఆ తర్వాత నాలుగు వారాలకోసారి 300 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల పెన్నులు రెండు. పొలుసులు రాలి కనిపిస్తాయని పద్నాలుగేళ్లు ముదురు రంగు జాకెట్టు వేసుకోని మనిషిని నేను. ఈ రెండేళ్లలో మా అక్క కూతురి పెళ్లికి నేరేడుపండు రంగు పట్టుచీర కట్టుకున్నాను. ఈ మందు నాకేం చేసిందో మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మే 14న నా డోసు. 8వ తేదీనే ఆర్డరు పెట్టాను. 10న ఆటోనగర్‌లోని మీ కేంద్రానికి పార్సిల్ చేరిందని యాప్‌లో కనబడింది. 11న, 12న "ఇంట్లో ఎవరూ లేరు" అని మీ వాళ్లు నమోదు చేశారు. వేసవి సెలవులు. నేను, మా అమ్మ ఆ రెండు రోజులూ గడప దాటలేదు. ఎవరూ రాలేదు, ఫోనూ చేయలేదు. 13వ తేదీ మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. విప్పితే ఐసు ప్యాకులు నీళ్ల సంచుల్లా జారుతున్నాయి. అట్టపెట్టె తడిసి మెత్తబడింది. ఇంట్లో ఉన్న థర్మామీటరు లోపల పెట్టి చూస్తే 33 డిగ్రీలు.

మీ కస్టమర్ సర్వీస్ అమ్మాయి ఫోన్లో, "మేడం, ఈ మందు నాలుగు రోజులు బయట ఉన్నా ఏం కాదు" అంది. మందు పెట్టెలో వచ్చే కాగితం నేనూ చదివాను. అవసరమైతే ఒక్కసారి, నాలుగు రోజులకు మించకుండా, 30 డిగ్రీలు దాటని చోట ఉంచవచ్చని ఉంది. 30 దాటని చోటు మే నెలలో విశాఖలో మీ వ్యానులో ఉందా, గోదాములో ఉందా? అసలు అది ఫ్రిజ్ వదిలి ఎన్ని గంటలైందో మీ దగ్గర లెక్క ఉందా? అడిగితే జవాబు లేదు.

ఫొటోలు చూసి ఇంకో పెట్టె పంపారు. అది 22న వచ్చింది. ఈసారి రాయిలా గట్టిపడిన ఐసు ప్యాకులను మందు పెట్టెకు రెండు వైపులా ఆనించి టేపు చుట్టేశారు. అట్ట మీద మంచు పేరుకుంది. పెన్ను కిటికీలోంచి చూస్తే లోపలి మందు గడ్డకట్టి తెల్లగా ఉంది. ఆ పెట్టె మీదే రాసి ఉంటుంది: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, కుదపకూడదు. ఇది ప్రొటీన్‌తో చేసిన మందు. ఎక్కువ వేడి తగిలినా, ఒకసారి గడ్డకట్టినా ఆ ప్రొటీన్ దెబ్బతింటుంది. కరిగాక మళ్లీ నీళ్లలా తేటగా కనబడవచ్చు, కంటితో చూసి మంచీ చెడూ చెప్పలేం. మీ వాళ్లు అన్న మాట: "చల్లగానే వచ్చింది కదా మేడం, వేసుకుని చూడండి." ఫార్మసిస్టుతో మాట్లాడించమని ప్రతిసారీ అడిగాను. ఒక్కసారి కూడా కలపలేదు. చల్లగా పంపాల్సిన వస్తువు వాపసు తీసుకోవడం మీ పద్ధతి కాదని చెప్పి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

నాకు చల్లదనం విలువ కొత్తగా తెలియలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా అమ్మ ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టి, గంటగంటకూ నీళ్లు చల్లి కాపాడుకున్నాం. ఇప్పుడు నా పెన్నులు ఫ్రిజ్ తలుపులో పెట్టను, ఫ్రీజరు పక్కన పెట్టను. నడిమి అరలో థర్మామీటరు పక్కన ఉంచుతాను. కరెంటు పోతే వచ్చేదాకా ఫ్రిజ్ తలుపు తీయనివ్వను. పెన్ను నా చేతికి వచ్చాక నేను పడే జాగ్రత్తలో సగం, రాకముందు మీరు పడకూడదా?

ఈ మందుకు నా నెల జీతంలో మూడో వంతు పోతుంది. మీ దగ్గర డబ్బు ఇరుక్కుపోవడంతో మళ్లీ కొనడానికి జీతం పడేదాకా ఆగాల్సి వచ్చింది. 31న కేజీహెచ్ ఆసుపత్రి డౌన్‌లో ఒక మందుల షాపులో కొన్నాను. ఆ షాపాయన ఐసు ప్యాకులను కాసేపు బయట ఉంచి, వాటి మీద చెమ్మ పట్టాక, మందుకూ ఐసుకూ మధ్య మడతపెట్టిన న్యూస్‌పేపరు పెట్టి థర్మాకోల్ డబ్బాలో సర్ది ఇచ్చాడు. ఆ పనికి రెండు నిమిషాలు పట్టింది.

డోసు 17 రోజులు ఆలస్యమైంది. మోచేతుల మీద పొలుసులు మళ్లీ లేచాయి. చూపుడు వేలు మళ్లీ వాచింది. జూన్ 12న స్కూలు తెరిచాక సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద నాలుగు లైన్లు రాయలేక పిల్లల్లో ఒకరిని పిలిచి రాయిస్తున్నాను. మధ్యలో గ్యాప్ వస్తే కొందరికి మందు మునుపటిలా పనిచేయకపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. రెండేళ్ల మేలు పోతుందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

నేను కట్టిన మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వండి. ఆ రెండు పార్సిళ్లు ఎక్కడెక్కడ ఎన్ని గంటలు ఏ ఉష్ణోగ్రతలో ఉన్నాయో రాతపూర్వకంగా చెప్పండి. 11, 12 తేదీల్లో రాకుండానే వచ్చినట్టు ఎందుకు రాశారో కూడా చెప్పండి. ఇకముందు ఇలాంటి మందు పంపే ప్రతి పెట్టెలో వేడి దాటినా, గడ్డకట్టినా రంగు మారి చూపించే సూచిక పెట్టండి, బయలుదేరే ముందు ఇంటికి ఫోన్ చేయించండి. ఇన్సులిన్ తెప్పించుకునే ముసలివాళ్లు మీ ఖాతాదారుల్లో ఎంతమంది ఉంటారో. థర్మామీటరు పెట్టి చూడటం వాళ్లందరికీ తెలియదు.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫొటోలు, బిల్లులు, డాక్టరు చీటీ దీనితో జతచేస్తున్నాను.

పాడైన నాలుగు పెన్నులూ "వాడరాదు" అని రాసిన కవరులో నా దగ్గరే ఉన్నాయి. మనిషిని పంపి రసీదు ఇచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
మీ ఖాతాదారు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.